నా జబ్బునూ, నా లెక్కలనూ ఒకే కాంటాలో తూచకండి: మనస్తత్వశాస్త్రం చెప్పేవారికి, చెప్పించేవారికి బహిరంగ లేఖ

ఉత్తర తెలంగాణలోని విశ్వవిద్యాలయాల పాలకులకు, పరీక్షల విభాగాల అధికారులకు, డిగ్రీ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, మనస్తత్వశాస్త్ర అధ్యాపకులకు నమస్కారం.

నేను హనుమకొండలో అద్దె గదిలో ఉంటూ బీఏ చివరి సెమిస్టర్ చదువుతున్నాను. మాది పరకాల వైపు ఒక పల్లె. నాన్న మూడెకరాల్లో పత్తి వేస్తాడు, అమ్మ కూలికి పోతుంది. పదో తరగతి దాకా సర్కారు బడిలో తెలుగు మాధ్యమంలో, ఇంటర్‌లో హెచ్‌ఈసీ (చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం) గ్రూపులో చదివాను. 2021లో ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా నాకు బైపోలార్ డిజార్డర్ (మనసు కొన్నాళ్లు అతి ఉత్సాహానికి, కొన్నాళ్లు అతి దిగులుకు ఊగే జబ్బు) ఉన్నదని డాక్టర్లు తేల్చారు. అప్పటి నుంచి ఆ ఊగును అదుపులో ఉంచే లిథియం మాత్ర రోజూ రాత్రి వేసుకుంటున్నాను. నాకు వచ్చినదేమిటో తెలుసుకోవాలన్న పట్టుదలతోనే 2022లో దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి) ద్వారా మనస్తత్వశాస్త్రం ఒక సబ్జెక్టుగా ఉన్న సీటు కోరి తీసుకున్నాను.

2024 ఫిబ్రవరిలో జబ్బు తిరగబెట్టి 26 రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. తిరిగి వచ్చాక కళాశాలలో మెడికల్ సర్టిఫికెట్ ఇస్తే, దాన్ని స్టాఫ్‌రూంలో నలుగురి ముందు పైకి చదివారు. హాజరు సరిపోలేదని నాలుగో సెమిస్టర్‌లో డిటెయిన్ చేశారు, అంటే ముందుకు పోనీయకుండా ఆపేశారు. బతిమాలుకోవడానికి వెళ్లినప్పుడు, పెద్దమనిషి తరహాలోనే, ఒకరు చెప్పిన మాట ఇది: "నీకే ట్రీట్‌మెంట్ నడుస్తున్నది. పైగా లెక్కలు రావు, సైన్సు బ్యాక్‌గ్రౌండ్ లేదు. హిస్టరీ తీసుకో అమ్మా, ప్రశాంతంగ ఉంటది." (చరిత్ర ప్రశాంతంగా ఉంటుందని అనుకునేవారు ఆ పుస్తకం ఎన్నడైనా తెరిచారా అన్నది నా అనుమానం.) 2024 ఏప్రిల్‌లో కళాశాలకు, జులైలో పై కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో, 2025 అక్టోబరులో మళ్లీ గుర్తుచేస్తూ, మొత్తం మూడు అర్జీలు పెట్టుకున్నాను. నా చేతికి వచ్చినవి రెండు అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డులు మాత్రమే. అందుకే ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాను.

ఏ ఒక్కరి మీదో చర్య తీసుకోమని అడగడం లేదు. హిస్టరీ తీసుకోమన్న ఆ మాటలో రెండు వేర్వేరు సంగతులను ఒకే కాంటాలో వేసి తూచారు. నా జబ్బు ఆరోగ్యానికి సంబంధించిన విషయం, దానికి చట్టంలో జవాబు ఉన్నది. నా లెక్కలు చదువుకు సంబంధించిన విషయం, దానికి తరగతి గదిలో జవాబు ఉండాలి. రెంటినీ కలిపేయడం వల్ల ఏ ఒక్కదానికీ జవాబు చెప్పే అవసరం లేకుండా పోతున్నది. పరీక్షలో అదనపు సమయం అడిగితే నా లెక్కల సంగతి ఎత్తుతారు, లెక్కలు చెప్పమని అడిగితే నా జబ్బు సంగతి ఎత్తుతారు. రెండేళ్లుగా నేను ఈ రెండు కిటికీల మధ్యే తిరుగుతున్నాను. అందుకే ఇక్కడ వాటిని విడదీసి, వాటివల్ల నాకే కాక మామూలు జనానికి జరుగుతున్న నష్టాన్ని, దానికి నేను కోరుతున్నదాన్ని వరుసగా మనవి చేస్తున్నాను.

1. ముందు లెక్కల సంగతి. మనస్తత్వశాస్త్రం సైన్సే, 1879లో విల్‌హెల్మ్ వుంట్ లైప్‌జిగ్‌లో ప్రయోగశాల తెరిచిన నాటి నుంచీ అది కొలతలతోనే నడుస్తున్నది. దాంట్లోంచి లెక్కలు తీసేయమని నేను ఎప్పుడూ అనలేదు, అనను. కానీ డిగ్రీ స్థాయిలో కావలసిన లెక్క ఎంత? సగటు, ప్రామాణిక విచలనం (అంకెలు సగటుకు ఎంత అటూఇటూ చెదిరి ఉన్నాయో చెప్పే కొలత), సహసంబంధం (రెండు విషయాలు కలిసి ఎలా మారతాయన్నది), టి-పరీక్ష (రెండు సగటుల తేడా లెక్కలోకి వచ్చేదేనా అన్నది). జీవశాస్త్రంలో నాడీకణం, సినాప్స్ (రెండు నాడీకణాలు కలిసే చోటు), మెదడు భాగాలు, హార్మోన్లు వదిలే వినాళ గ్రంథులు. పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం ముట్టని హెచ్‌ఈసీ పిల్లకు ఇవి ఒక్కసారిగా, అదీ ఇంగ్లీషులో, నలభై నిమిషాల క్లాసులో బోర్డు మీద సూత్రాలుగా దిగుతాయి. అర్థం కాలేదంటే "ఇంటర్‌లో సైన్సు తీసుకోవలసింది" అంటారు. తీసుకోలేదు, నిజమే. అలాంటప్పుడు హెచ్‌ఈసీ వారికి సీటు ఇవ్వడమెందుకు?

నేను ప్రామాణిక విచలనం నేర్చుకున్నది మా ఊరి బడిలో లెక్కలు చెప్పి రిటైరైన సారు దగ్గర. ఆయన సూత్రం రాయలేదు. "నీ దగ్గర ఏవైనా అంకెలున్నయా?" అని అడిగారు. నా దగ్గర ఉన్న అంకెలు ల్యాబ్ చీటీలే. లిథియం వాడేవారు రక్తంలో అది ఎంత ఉన్నదో అప్పుడప్పుడు చూపించుకోవాలి, రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం ఇవ్వాలి, నాకైతే 0.6 నుంచి 1.0 మధ్య ఉండాలని మా డాక్టరు చెప్తారు. అయిదు చీటీలు తీశాను: 0.6, 0.8, 0.7, 0.9, 0.5. సగటు 0.7. "సగటు చూస్తే నువ్వు బాగున్నట్టే కదా" అన్నారు సారు. తర్వాత ఒక్కొక్కటి సగటుకు ఎంత దూరంలో ఉన్నదో రాయించారు, ఆ దూరాలను వర్గం చేయించారు, కూడి అయిదుతో భాగించి వర్గమూలం తీయించారు. 0.14 వచ్చింది, అంటే నా అంకెలు సగటుకు అటూఇటూ దాదాపు అంత ఊగుతున్నాయి. ఆ 0.5 చీటీ 2024 జనవరిది. దాని తర్వాతి నెలలోనే నేను ఆసుపత్రిలో పడ్డాను. సగటు దాచిపెట్టిన సంగతిని విచలనం ఎలా బయటపెడుతుందో ఆ సాయంత్రం నాకు అర్థమైనంతగా ఏ క్లాసులోనూ అర్థం కాలేదు. అదే లెక్కను నాన్న పత్తి కాంటా చీటీల మీద కూడా వేసి చూశాను. ఏనుమాముల మార్కెట్‌కు తెచ్చే రైతుకు సగటు ధర కన్నా, ఆ ధర ఎంత ఊగుతున్నదన్నదే ముఖ్యమని అప్పుడు తెలిసింది.

నా కోరిక: మొదటి సెమిస్టర్ మొదలయ్యే ముందు, సైన్సు చదవని పిల్లలకు గణాంకాలు, శరీరధర్మం మీద కనీసం 30 గంటల బ్రిడ్జి కోర్సు తెలుగులో పెట్టాలి. తెలుగు, ఇంగ్లీషు పదాలు పక్కపక్కన ఉన్న చిన్న పదకోశం చేతికివ్వాలి. ప్రశ్నపత్రం ప్రమాణం తగ్గించవద్దు.

2. ఇక జబ్బు, పరీక్షలు. లిథియం వల్ల చాలామందికి చేతులు సన్నగా వణుకుతాయి, నాకూ వణుకుతాయి. ప్రాక్టికల్స్‌లో అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మను గీసే ప్రయోగం ఉంటుంది. రెండు గీతల మధ్య పెన్సిల్ నడపాలి, గీతకు తగిలిన ప్రతిసారీ ఒక తప్పు. మొదటిసారి నాకు 31 తప్పులు వచ్చాయి, పదోసారికి 12కు దిగాయి. నా పక్క అమ్మాయికి 19 నుంచి 7కు దిగాయి. రికార్డు చూసినవారు నా పేజీ మీద "చేయి నిలకడ లేదు" అని రాసి మార్కులు కోశారు. ఆ ప్రయోగం చేతి నిలకడను కొలవడానికి పెట్టింది కాదు, చేస్తూ చేస్తూ మనిషి ఎంత నేర్చుకుంటాడో కొలవడానికి పెట్టింది. నేర్చుకున్న వాటా చూస్తే ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే. ఈ మాట చెప్పడానికి నాకు సైన్సు బ్యాక్‌గ్రౌండ్ అక్కర లేకపోయింది.

రాతపరీక్షలో అదే వణుకు వల్ల మూడు గంటల్లో రాయవలసినది నాకు పూర్తి కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక వ్యాధి ఉన్నది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి సవరణలు చేయాలని ఆ చట్టం 17వ సెక్షన్ చెప్తున్నది. నాకు చెప్పిన జవాబు మాత్రం "40 శాతం సర్టిఫికెట్ తే" అని, అంటే వైకల్యం 40 శాతం ఉన్నదన్న కాగితం. ఇక్కడొక విచిత్రం ఉన్నది. మానసిక వ్యాధికి శాతం లెక్కగట్టేటప్పుడు తన పని తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడటం, పని చేయడం చూస్తారు. మందులు సక్రమంగా వేసుకుని కుదురుగా ఉన్నవారికి 40 శాతం రాకపోవచ్చు. అంటే జబ్బు ముదిరితే చదువుకు పనికిరావంటారు, కుదురుకుంటే వెసులుబాటుకు పనికిరావంటారు. ఈ చిక్కును సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న వికాశ్ కుమార్ కేసులో విప్పింది: రాయడంలో నిజమైన ఇబ్బంది ఉన్నవారికి 40 శాతం లేదన్న కారణంతో సాయం నిరాకరించకూడదని చెప్పింది. దాన్ని అనుసరించి కేంద్రం 2022 ఆగస్టులో మార్గదర్శకాలు ఇచ్చింది, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని వాటిలో చెప్పింది. నా కోరిక: ఈ విషయంలో ఇప్పుడు అమల్లో ఉన్న మార్గదర్శకాలను ప్రతి కళాశాల నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి, దరఖాస్తుకు ఎవరి దగ్గరకు పోవాలో రాయాలి. ప్రాక్టికల్ రికార్డులో వణుకుకు మార్కులు కోయవద్దని పరీక్షకులకు చెప్పాలి.

3. హాజరు, గుట్టు. కాలు విరిగిన పిల్లవాడు కట్టుతో వస్తే తోటివారు బెంచీ జరుపుతారు. నా సర్టిఫికెట్ పైకి చదివిన సాయంత్రానికే గదిలో తోడున్న అమ్మాయి సామాను సర్దుకుని వేరే గదికి పోయింది. ఆమెను తప్పుపట్టను, వాళ్లింట్లో వాళ్లు ఏం చెప్పారో ఊహించగలను. కానీ ఆ తర్వాత జరిగినది ఇంకా బరువైనది. మా జూనియర్ ఒకామె, తనకూ మాత్రలు నడుస్తున్నాయని నా ఒక్కదానికే చెప్పినామె, నాకు జరిగినది చూసి, బ్యాగులో ఎవరి కంటైనా పడతాయేమోనన్న బుగులుతో (భయంతో) మాత్రలు తేవడమే మానేసింది. రెండు నెలల్లో చదువూ మానేసింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనిషికి తన వ్యాధి వివరాలు గుట్టుగా ఉండే హక్కు ఇచ్చింది. వ్యాధి ఉన్నదని తేలినంత మాత్రాన, కోర్టు ప్రకటిస్తే తప్ప, ఆ మనిషిని మతిస్థిమితం లేనివారిగా భావించరాదని కూడా అదే చట్టం 3వ సెక్షన్‌లో ఉన్నది. మానసిక వ్యాధి గురించి పాఠం చెప్పే విభాగంలోనే ఆ చట్టం తెలియకపోవడం నాకు కోపం కన్నా ఆశ్చర్యం కలిగించింది. నా కోరిక: సర్టిఫికెట్లు సీల్డ్ కవర్‌లో ఒక్క అధికారి మాత్రమే తీసుకోవాలి. ఆసుపత్రిలో ఉన్న రోజులను హాజరు లెక్కలోంచి మినహాయించాలి, లేదా ఆ పాఠాలను మళ్లీ పూర్తి చేసుకునే వీలు కల్పించాలి.

4. దూరవిద్య. జబ్బు ఉన్నవారికి, పని చేసుకుంటూ చదివేవారికి, పిల్లల తల్లులకు ఇన్నాళ్లూ ఒక పక్కదారి ఉండేది. 2025 జులై-ఆగస్టు నుంచి మనస్తత్వశాస్త్రంలో దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులు ఆపాలని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఆదేశించింది. ప్రాక్టికల్స్, పర్యవేక్షణ లేని చదువుతో మనుషులకు వైద్యం చేయరాదన్న వాదనలో బలం ఉన్నదని నేనూ ఒప్పుకుంటాను. అయితే పక్కదారి మూసినప్పుడు పెద్దదారి గేటు కొంచెం వెడల్పు చేయాలి. సెమిస్టర్ మధ్యలో జబ్బు చేస్తే సీటు పోకుండా ఒక ఏడాది ఆగి తిరిగి చేరే అవకాశాన్ని, మళ్లీ ఫీజు లేకుండా, ఇవ్వమని కోరుతున్నాను.

5. ఇవన్నీ ఒక విద్యార్థిని సొంత గోడుగా కనిపించవచ్చు. ఊళ్లకు జరిగే నష్టం ఇంతకన్నా పెద్దది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నది, చాలా రుగ్మతల్లో 70 శాతానికి పైగా మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రాష్ట్రం లేదు, కాబట్టి మన ఊళ్ల లెక్క ఆ అంకెల్లో కూడా లేదు. సుప్రీంకోర్టు 2025 జులైలో, విశాఖపట్నంలో కోచింగ్‌కు వెళ్లిన ఒక విద్యార్థిని మరణం కేసులో, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా శిక్షణ పొందిన ఒక కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని చెప్పింది. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు బడులు, కాలేజీలు, గురుకులాలు ఎన్ని ఉన్నాయో మీకే బాగా తెలుసు. అంతమంది ఎక్కడి నుంచి వస్తారు? హైదరాబాద్‌లో ఇంగ్లీషులో చదివిన వారు ఏటూరునాగారం హాస్టల్‌కు వచ్చి ఉంటారా?

వచ్చినా భాష సంగతి ఒకటుంది. ప్రాక్టికల్స్ కోసం తెలుగులోకి మార్చిన ఒక ప్రశ్నావళిని మా అమ్మకు చదివి వినిపించాను. "మీకు తరచుగా ఆతురతగా ఉంటుందా?" అన్న ప్రశ్నకు అమ్మ, "నాకేం ఆత్రం బిడ్డా, బస్సేమన్న పోతాందా?" అన్నది. లేదు అన్న గడిలో టిక్కు పెట్టాను. కాసేపటికి అదే ప్రశ్నను "బుగులైతదా అమ్మా?" అని మార్చి అడిగాను. అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, నేను ఆసుపత్రిలో పడ్డ నాటి నుంచి ఫోను మోగితే చాలు గుండె దడదడలాడుతుందని, రాత్రి రెండు గంటలకు లేచి కూర్చుంటుందని చెప్పింది. ఇంటి మనిషినై ఉండీ నాకు తెలియని సంగతి అది. పేపరు మీద మా అమ్మ ఆరోగ్యవంతురాలు. బుగులు, రంది (దిగులు), పానం బాగలేకపోవడం, మనసున పడకపోవడం: మా దగ్గర మనిషి తన బాధను ఈ మాటల్లో చెప్తాడు. ఈ మాటలు వింటే గుర్తుపట్టే పిల్లలు హెచ్‌ఈసీలోనే, సర్కారు బడుల్లోనే ఉన్నారు. వారిని సైన్సు రాలేదని గుమ్మంలోనే ఆపితే, రంది పెట్టుకున్న మనిషి ముందు కూర్చునేది భూతవైద్యుడే అవుతాడు. మా ఊళ్లో నన్ను మొదట తీసుకుపోయినదీ అతని దగ్గరికే. ఆ రెండు నెలల ఆలస్యానికి మా ఇంట్లో ఒక ఎద్దు అమ్ముడుపోయింది.

6. చివరగా, మీలో కొందరికి ఉన్న నిజమైన సందేహం. రోగి మరో రోగికి సాయం చేయగలరా? జబ్బు వచ్చినందువల్లనే నాకు అర్హత వచ్చిందని నేను అనుకోను. జ్వరం వచ్చిన ప్రతివారూ డాక్టరు కారు. నాకు ఒంట్లో బాగాలేని రోజుల్లో నేను ఎవరి ముందూ కుర్చీ వేసుకుని కూర్చోకూడదు, దాన్ని నాకన్నా ముందు గుర్తించే పర్యవేక్షకులు ఉండాలి. ఇది నాకే కాదు, తల్లి చనిపోయిన వారానికే డ్యూటీకి వచ్చిన కౌన్సెలర్‌కూ వర్తించాలి. అమెరికాలో మనస్తత్వశాస్త్రవేత్త మార్షా లినెహన్ 17 ఏళ్ల వయసులో మానసిక చికిత్సాలయంలో రెండేళ్లకు పైగా ఉన్న మనిషి. తర్వాత డయలెక్టికల్ బిహేవియర్ థెరపీని (ఉధృతమైన భావాలను అదుపు చేసుకోవడం నేర్పే మాటల చికిత్సను) రూపొందించారు, 2011లో అదే ఆసుపత్రిలో నిలబడి తన కథ చెప్పారు. బైపోలార్ మీద ప్రామాణికంగా రాసిన మనస్తత్వశాస్త్రవేత్త కే రెడ్‌ఫీల్డ్ జామిసన్‌కు ఉన్నదీ నా జబ్బే, వాడినదీ నా మాత్రే. నేను వారంతటిదాన్ని అవుతానని చెప్పడం లేదు. జబ్బు పేరు చూసి గేటు వేసి ఉంటే వారూ బయటే ఉండేవారని మాత్రం చెప్పగలను. నా కోరిక: పీజీ, శిక్షణ సీట్లకు అర్హతను జబ్బు పేరు మీద కాక పని మీద, ప్రవర్తన మీద తేల్చాలి. అందరికీ ఒకే కొలత ఉండాలి, ఆ కొలత రాసి ఉండాలి.

మే నెలలో నా ఆరో సెమిస్టర్ పరీక్షలు ఉన్నాయి. ఆ తర్వాత పీజీ ప్రవేశపరీక్ష రాస్తాను, మనస్తత్వశాస్త్రానికే రాస్తాను. నా మూడు అర్జీల నకళ్లు, రెండు అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డులు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, ఆ ప్రాక్టికల్ రికార్డు పేజీ నా దగ్గర ఉన్నాయి. ఎప్పుడు పిలిస్తే అప్పుడు తెచ్చి చూపిస్తాను. పైన అడిగిన ఒక్కొక్క కోరికకు అవునో కాదో, కాదంటే ఏ నిబంధన కింద కాదో, పరీక్ష ఫీజు గడువు ముగిసేలోగా లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. జవాబు తెలుగులో ఇస్తే మా అమ్మకు కూడా చదివి వినిపిస్తాను.

భవదీయురాలు,
మనస్తత్వశాస్త్ర విద్యార్థిని,
హనుమకొండ